గడువు తీరిన గుర్తింపు

మా ఊళ్ళో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు ఉన్నారు. ఆయన వయస్సు డెబ్బై రెండు సంవత్సరాలు. ఖాతాదారుల వివరాలను తిరిగి సరిచూసుకొనే పనిలో భాగంగా గుర్తింపు పత్రం తెచ్చి చూపించమని ఒక బ్యాంకు ఆయనకు కబురు పంపింది. ఆధార్ కార్డులో ఆయన ఇంటిపేరు పూర్తిగా అచ్చయింది. బ్యాంకు పుస్తకంలో అది పొడి అక్షరంగా మాత్రమే ఉంది. రెండింటికీ పొంతన కుదరదని తెలిసి, అక్షరం పొల్లుపోకుండా పేరు సరిపోయే డ్రైవింగ్ లైసెన్సును ఆయన వెంట తీసుకొని వెళ్ళారు. దాని గడువు తీరి అప్పటికి మూడు నెలలైంది. ఆయనకు తోడుగా నేనూ వెళ్ళాను.

బల్లకు ఆవలివైపు కూర్చున్న అధికారి ఒకప్పుడు ఆయన దగ్గర ఎనిమిదో తరగతి చదివిన విద్యార్థి. గురువుగారిని చూడగానే లేచి నిలబడి నమస్కరించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. లైసెన్సును అటూ ఇటూ తిప్పి చూసి నొచ్చుకొంటూ ఇలా అన్నాడు: "మిమ్మల్ని నేను గుర్తుపట్టలేనా మాస్టారూ! మీరు నేర్పిన లెక్కలతోనే ఈ కుర్చీలో కూర్చున్నాను. కాని కార్డుకు కాలం చెల్లిపోయిందండీ. దీన్ని తీసుకోవడానికి వీల్లేదు."

మాస్టారు నవ్వి, "కాలం చెల్లింది కార్డుకయ్యా, నేనింకా కాలం చేయలేదు" అన్నారు.

ఆ మాటకు అక్కడున్నవారందరూ నవ్వారు. పని మాత్రం జరగలేదు. తిరిగి వస్తున్నప్పుడు నా మనస్సును ఒక ప్రశ్న వేధించింది. గడువు తీరిన కార్డు మనిషిని గుర్తించడానికి పనికిరాదని మనం దేన్నిబట్టి నిర్ణయించాం? పత్రంపై ఉన్న తేదీ గడచినంత మాత్రాన దాని మీది పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఛాయాచిత్రం అబద్ధాలైపోతాయా?

ఈ విషయాన్ని ఆలోచించేటప్పుడు ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. మనం గుర్తింపు కార్డు అని పిలిచే అనేక పత్రాలు నిజానికి గుర్తింపు కోసం పుట్టినవి కావు. డ్రైవింగ్ లైసెన్సు వాహనం నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. పాస్‌పోర్టు దేశం దాటి వెళ్ళడానికి ఉపకరించే ప్రయాణ పత్రం. ఆ అనుమతి ఎవరికి ఇచ్చారో తెలియాలి కాబట్టి వాటి మీద పేరూ ఫోటో వేశారు. క్రమంగా ఆ పేరూ ఫోటోలే ముఖ్యమై, అసలు ప్రయోజనం వెనక్కు పోయింది. కనుక ఇటువంటి పత్రం ఒకేసారి రెండు మాటలు చెబుతుంది. "ఈయన ఫలానా వ్యక్తి" అనేది ఒకటి. "ఈయనకు ఫలానా పని చేసే అధికారం ఉంది" అనేది రెండవది. గడువు అన్నది ప్రధానంగా ఆ రెండో మాటకు సంబంధించినది.

డ్రైవింగ్ లైసెన్సునే తీసుకొందాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సాధారణ వాహనాల లైసెన్సుకు మొదట 20 సంవత్సరాల కాలాన్ని గాని, 50 ఏళ్ళ వయస్సు వచ్చేవరకు గాని, ఏది ముందైతే దానిని గడువుగా పెట్టింది. 2019 సవరణ తరువాత 30 ఏళ్ళలోపు తీసుకొన్నవారికి 40 ఏళ్ళు నిండేవరకు, 55 దాటినవారికి ఐదేళ్ళ చొప్పున లైసెన్సు ఇస్తున్నారు. వయస్సు పెరిగినకొద్దీ గడువు ఎందుకు కురచవుతున్నది? చూపు మందగిస్తుంది, చేతులూ కాళ్ళూ మునుపటంత చురుకుగా కదలవు. నలభై దాటినవారు పునరుద్ధరణకు వైద్యుని ధ్రువపత్రం జతచేయవలసి రావడం కూడా ఇందుకే. ఇది ఎంతో సమంజసమైన నియమం. రోడ్డు మీద నడిచేవారి ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి దీనిలో ఉదారత పనికిరాదు. అయితే కంటి చూపు తగ్గిన మాస్టారు మాస్టారు కాకుండా పోరు. వాహనం నడపగలరా అన్న ప్రశ్నకు వేసిన గడువును, ఆయన ఎవరు అన్న ప్రశ్నకు అంటగట్టడంలోనే చిక్కంతా ఉంది.

దీనికి ఎదురుగా ఓటరు గుర్తింపు కార్డును పెట్టి చూడండి. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న కాలంలో, 1993లో ఈ కార్డులకు శ్రీకారం చుట్టారు. తొలినాళ్ళలో ఇచ్చిన కార్డులను నేటికీ కొందరు భద్రంగా దాచుకొన్నారు. నలుపు తెలుపుల ఫోటో, మసకబారిన అక్షరాలు, అంచులు ఊడిన ప్లాస్టిక్ పొర. పాతికేళ్ళ యువకుడిగా దిగిన ఫోటో యాభై దాటిన మనిషి చేతిలో ఉంటుంది. అయినా ఆ కార్డు మీద గడువు తేదీ లేదు కాబట్టి అది చెల్లుతుంది. పాన్ కార్డుకూ గడువు లేదు. ఐదేళ్ళ కిందట తీసిన స్పష్టమైన రంగుల ఫోటో ఉన్న లైసెన్సు మాత్రం నిన్నటితో గడువు తీరిందంటే చెల్లదు. గుర్తింపు అనేది ముఖాన్ని, పేరును పోల్చి చూసే పని అయితే ఈ రెండింటిలో దేనిని నమ్మాలి? చూసే కళ్ళకు జవాబు తెలుసు. నియమం మాత్రం తలకిందులుగా చెబుతున్నది.

ఇంకొక విచిత్రం ఉంది. గడువు తీరిన పత్రాన్ని పునరుద్ధరించడానికి వెళ్ళినప్పుడు ఆ కార్యాలయం మొదట అడిగేది ఏమిటి? ఆ పాత పత్రాన్నే. పాస్‌పోర్టు కార్యాలయం పాత పాస్‌పోర్టును తెమ్మంటుంది. రవాణా శాఖ పాత లైసెన్సును చూపమంటుంది. అంటే పత్రాన్ని జారీచేసిన సంస్థకు తన పాత పత్రం మీద నమ్మకం చెక్కుచెదరలేదు. ఫలానా వ్యక్తి ఇతడే అన్న మాటను గడువు తీరిన తరువాత కూడా అది స్వీకరిస్తున్నది. పుట్టింటివారు కాదనని పిల్లను ఊరివారు కాదన్నట్లు, జారీచేసినవారు నమ్మిన దానిని ఇతరులు నమ్మకపోవడం వింతగా లేదూ!

విదేశాలకు రాకపోకలు సాగించే మనవారిని శంషాబాదు విమానాశ్రయంలో గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. కొందరి చేతుల్లో రెండు పాస్‌పోర్టులు ఉంటాయి. ఒకటి కొత్తది, రెండవది రద్దయినట్లు ముద్రపడిన పాతది. పాతదానిని ఎందుకు మోస్తున్నారంటే అందులో అమెరికా వీసా ఉంటుంది. వీసా గడువు మిగిలి ఉండి, అది చెడిపోకుండా ఉంటే కొత్త పాస్‌పోర్టుతో కలిపి చూపినప్పుడు చెల్లుబాటవుతుంది. లైసెన్సు విషయంలో అనుమతి పోయి గుర్తింపు మిగలాలని మనం వాదిస్తున్నాం. ఇక్కడ పత్రం పోయినా దానిలోని అనుమతి నిలిచే ఉంది. దేని గడువు దానిదే అని అంగీకరించడం పాలనా వ్యవస్థలకు అసాధ్యమేమీ కాదని దీనివల్ల తెలుస్తున్నది.

గడువు అనేది ప్రకృతి నియమం వంటిది కాదని మనకు 2020లో ప్రత్యక్షంగా అనుభవమైంది. కోవిడ్ మహమ్మారి వల్ల కార్యాలయాలు మూతబడినప్పుడు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2020 ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన లైసెన్సులను, వాహన పత్రాలను చెల్లుబాటయ్యేవిగానే పరిగణించాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ వెసులుబాటును విడతలు విడతలుగా పొడిగిస్తూ 2021 అక్టోబరు 31 వరకు తీసుకొనిపోయింది. ఇరవై నెలలపాటు గడువు తీరిన కార్డులతో దేశం నడిచింది. అది అసాధారణ పరిస్థితి అన్న మాట నిజమే. ఒక కాగితం ఎప్పటివరకు పనికివస్తుందన్నది మనుషులు కూర్చొని నిర్ణయించుకొనే విషయమని మాత్రం అది రుజువు చేసింది.

అలాగని గడువును సమర్థించేవారి వాదాన్ని తేలికగా కొట్టివేయడం నా ఉద్దేశం కాదు. వారు చెప్పేవాటిలో బలమైన కారణాలు ఉన్నాయి. మనిషి ముఖం మారుతుంది. ముఖ్యంగా పిల్లల ముఖాలు చూస్తుండగానే మారిపోతాయి. అందుకే పెద్దలకు పదేళ్ళకు ఇచ్చే పాస్‌పోర్టును చిన్నపిల్లలకు ఐదేళ్ళకే ఇస్తారు. ఆధార్‌లోనూ పిల్లల వేలిముద్రలను, కనుపాప గుర్తులను 5, 15 సంవత్సరాల వయస్సులో కొత్తగా నమోదు చేయాలి. రెండవది, పాత కార్డులకు దొంగ నకళ్ళు తయారుచేయడం సులభం. కలంతో వివరాలు రాసి ఫోటో అంటించిన పాస్‌పోర్టులలో ఫోటో మార్చడం మోసగాళ్ళకు పెద్ద విద్య కాదు. యంత్రాలు చదవలేని అటువంటి పాస్‌పోర్టులకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015 నవంబరు 24ను ఆఖరి తేదీగా ప్రకటించి వాటిని తొలగించింది. గడువనేది లేకపోతే పాతికేళ్ళనాటి బలహీనమైన కార్డులన్నీ చెలామణిలో ఉండిపోతాయి. మూడవది, కార్డులు పోతాయి, దొంగల చేతిలో పడతాయి. గడువు ఉంటే అటువంటివి ఎప్పటికో ఒకప్పటికి వాటంతట అవే నిరర్థకమవుతాయి.

ఈ మూడు కారణాలూ సరైనవే. కాని వాటి బలం కాలంతోపాటు మెల్లగా పెరిగేదే తప్ప ఒక్క రాత్రిలో ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. మనిషి ముఖం గడువు తేదీనాటి అర్ధరాత్రి మారదు. మార్చి 31న నకలు చేయడానికి వీలులేని కార్డు ఏప్రిల్ 1న నకిలీదారుల చేతి వాటమైపోదు. పదేళ్ళ కింద గడువు తీరినదాన్ని తిరస్కరించడానికి ఉన్న కారణం, పది రోజుల కింద తీరినదాన్ని తిరస్కరించడానికి లేదు. మన నియమాలు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టివేస్తున్నాయి.

బ్రిటన్‌లో 2022 నాటి ఎన్నికల చట్టం ద్వారా ఓటు వేయడానికి ఫోటో గుర్తింపు పత్రం తప్పనిసరి చేశారు. 2023 మే నెలలో ఇంగ్లండులో జరిగిన స్థానిక ఎన్నికలలో దీనిని మొదటిసారి అమలుచేశారు. ఈ నియమం అనవసరమని అక్కడ చాలామంది విమర్శించారు. ఆ చర్చ అటుంచి, అందులోని ఒక చిన్న అంశం మనకు పనికివస్తుంది. పత్రం గడువు తీరినా ఫరవాలేదు, ఫోటోలోని ముఖం ఎదుట నిలిచిన మనిషి ముఖంతో పోలితే చాలు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం మరో మార్గం పట్టింది. 18 నుంచి 69 ఏళ్ళ వయస్సు గల ఓటర్ల కార్డు గడువు తీరి నాలుగేళ్ళు దాటకుంటే చాలు. 70 ఏళ్ళు నిండినవారి కార్డు ఎంతకాలం కిందట గడువు తీరినా చెల్లుతుంది. ఓటరు గుర్తింపు విషయంలో కఠినమైనదని పేరుపడిన రాష్ట్రం కూడా వృద్ధుల పట్ల ఈపాటి విచక్షణ చూపింది. ముసలివారు వాహనం నడపడం మానేస్తారు, ప్రయాణాలు తగ్గించుకొంటారు, కార్డులను పునరుద్ధరించుకోవలసిన అవసరం వారికి ఉండదు అన్న లోకజ్ఞానం ఆ నియమం వెనుక ఉంది.

మన బ్యాంకుల పద్ధతి వేరు. రిజర్వు బ్యాంకు 2016లో జారీచేసి ఆ తరువాత పలుమార్లు సవరించిన ఆదేశాలు ఖాతాదారుల వివరాలను నియమిత కాలంలో సరిచూడాలని విధించాయి. ముప్పు ఎక్కువని భావించిన ఖాతాలను రెండేళ్ళకొకసారి, మధ్యస్థమైనవాటిని ఎనిమిదేళ్ళకు, తక్కువ ముప్పు ఉన్నవాటిని పదేళ్ళకు పరిశీలించాలి. వివరాలేవీ మారకపోతే ఖాతాదారుడు స్వయంగా ఇచ్చే ప్రకటన చాలునన్న సౌకర్యమూ కల్పించారు. ఇంతవరకు బాగానే ఉంది. కాని బ్యాంకు దగ్గరున్న పత్రం గడువు తీరిపోయి ఉంటే, కొత్తగా ఖాతా తెరిచేవారికి జరిపే తతంగమంతా మళ్ళీ జరపాలి. మాస్టారు విషయంలో జరిగింది ఇదే. బ్యాంకు దస్త్రంలో ఉన్నది ఆయన లైసెన్సు నకలు. ముప్పై ఏళ్ళుగా జీతమూ పింఛనూ అదే ఖాతాలో పడుతున్న మనిషి ఒక తేదీ గడచినందువల్ల ఆ శాఖకు కొత్తవాడయ్యాడు.

కాళిదాసు శాకుంతల నాటకానికి పెట్టిన పేరులోనే 'అభిజ్ఞానం' అన్న మాట ఉంది. గుర్తింపు, ఆనవాలు అని దాని అర్థం. దుష్యంతుడు శకుంతలకు ఉంగరం ఇచ్చి వెళ్ళాడు. ఆమె నిండు సభలో ఎదుట నిలిచినప్పుడు ఆ ఉంగరం ఆమె వేలికి లేదు. రాజు ఆమెను ఎరుగనన్నాడు. తరువాత చేప కడుపులో దొరికిన ఉంగరాన్ని చూడగానే అతనికి అన్నీ జ్ఞాపకం వచ్చాయి. మనిషిని చూసి రాని జ్ఞాపకం వస్తువును చూసి వచ్చింది. దుర్వాసుని శాపం వల్ల అలా జరిగిందని కవి సమాధానం చెప్పాడు. మన కార్యాలయాలకు ఏ మునీ శాపం పెట్టలేదు. ఆ ఉంగరాన్ని తెచ్చిన జాలరిని రాజభటులు మొదట దొంగగా పట్టుకొని కొట్టారన్న విషయాన్ని కూడా మనం మరచిపోకూడదు. ఆనవాలు పేదవాడి చేతిలో ఉన్నప్పుడు దానిని అనుమానించడం ఆనాడే ఉంది.

నిజానికి గుర్తింపు భారం అందరి మీదా సమానంగా పడదు. నెలజీతం వచ్చే ఉద్యోగి ఒక పూట సెలవు పెట్టి కార్డును పునరుద్ధరించుకోగలడు. పొట్టచేత పట్టుకొని పాలమూరు నుంచో ఉత్తరాంధ్ర నుంచో పట్టణాలకు వలసవచ్చిన కూలీకి ఒక పూట అంటే ఒక రోజు కూలి. చిరునామా మార్పుకు ఒకసారి, ఫోటోకు ఒకసారి, సర్వరు పనిచేయలేదని మరొకసారి తిరగవలసివస్తే మూడు రోజుల తిండి పోయినట్లే. పెళ్ళి తరువాత ఇంటిపేరు మారిన స్త్రీకి పదో తరగతి ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉంటాయి. రెండూ కలిసే పత్రం ఒక్కటే ఉండి, అదీ గడువు తీరినదైతే ఆమె గతి ఏమిటి? వేలిముద్ర ఉందిగదా అంటారు. జీవితమంతా మట్టిపని, రాతిపని చేసినవారి వేళ్ళ గీతలు అరిగిపోయి యంత్రానికి అందవని చౌకధరల దుకాణాల ముందు నిలబడిన వారికి తెలుసు.

బల్లకు ఆవల కూర్చున్న అధికారిని నేను తప్పుపట్టను. నియమంలో లేని వెసులుబాటు ఇచ్చి, రేపు తనిఖీలో పట్టుబడితే సంజాయిషీ చెప్పుకోవలసినది అతడే. గురువు మీద భక్తి ఉన్నంత మాత్రాన ఉద్యోగం పణంగా పెట్టమని ఎవరూ అడగలేరు. "మానవత్వంతో వ్యవహరించండి" అని గుమాస్తాలకు నీతులు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. వెసులుబాటు నియమంలోనే రాసి ఉండాలి. అప్పుడే దానిని పాటించేవాడికి భయం ఉండదు, దుర్వినియోగం చేసేవాడికి అవకాశం ఉండదు.

ఆ నియమం ఎలా ఉండాలి? నాకు తోచినంతవరకు పెద్దవారి విషయంలో గడువు తీరి రెండేళ్ళు దాటని ప్రభుత్వ పత్రాన్ని గుర్తింపు వరకు అంగీకరించవచ్చు. డెబ్బై దాటినవారికి ఆ పరిమితి కూడా అవసరం లేదు. ఫోటోలోని ముఖం ఎదుట ఉన్న ముఖంతో సరిపోవాలన్నది అన్నింటికన్న ముఖ్యమైన షరతు. గడువు తీరడం వేరు, రద్దు కావడం వేరు. పోయిందని ఫిర్యాదు అందిన కార్డు, నేరం వల్ల రద్దుచేసిన లైసెన్సు ఎన్నటికీ చెల్లకూడదు. ఈ తేడా తెలుసుకోవడం ఒకప్పుడు కష్టంగాని ఇప్పుడు కాదు. లైసెన్సుల వివరాలన్నీ రవాణా శాఖ కంప్యూటర్లలో ఉన్నాయి. భూముల రిజిస్ట్రేషను వంటి చోట్ల ఇంకా కఠినంగా ఉన్నా తప్పులేదు. అక్కడ ఒక్క పొరపాటు జరిగితే ఒక కుటుంబం వీధిన పడుతుంది.

ఉద్యోగుల, విద్యార్థుల గుర్తింపు కార్డుల విషయంలో మాత్రం నేను ఇంత ఉదారంగా ఉండలేను. అవి ప్రధానంగా ఒక సంస్థతో ఉన్న సంబంధాన్ని చెబుతాయి. ఆ సంబంధం తెగిపోయాక, ఇతడు ఫలానావాడని పూచీపడే బాధ్యత ఆ సంస్థకు ఉండదు. మానివేసిన ఉద్యోగి పాత కార్డుతో ఇళ్ళలోకి వెళ్ళి మోసం చేస్తే నష్టపోయేది అమాయకులు. కనుక వాటికి గడువు పాటించడమే మేలు. ఈ మాట కళాశాల విద్యార్థులకు రుచించకపోవచ్చు. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షలకు వెళ్ళేవారు సమాచార పుస్తకాన్ని జాగ్రత్తగా చదివితే, చూపించే గుర్తింపు పత్రం అసలుదై, గడువు తీరనిదై ఉండాలన్న షరతు కనిపిస్తుంది. రెండేళ్ళు రాత్రింబవళ్ళు చదివినవారు నిరుటి కార్డు పట్టుకొని గేటు దగ్గర నిలబడే స్థితి తెచ్చుకోకూడదు. నియమం మారాలని వాదించే హక్కు మనకు ఉంది. పరీక్ష రోజు ఉదయం గేటు ముందు మాత్రం ఆ వాదన పనికిరాదు.

మాస్టారు ఆ తరువాత ఏం చేశారో చెప్పాలి. ఆధార్‌లో పేరు సవరించుకొందామంటే, అందుకు ఆధారంగా చూపవలసిన పత్రాలలో పేరు కుదిరినది ఆ లైసెన్సు ఒక్కటే. అందువల్ల ఆయన లైసెన్సునే పునరుద్ధరించుకోవడానికి సిద్ధపడ్డారు. స్కూటరు తోలడం మాని ఆయనకు రెండేళ్ళయింది. దానిని మనవడికి ఇచ్చేశారు. అయినా కళ్ళ పరీక్ష చేయించుకొన్నారు. వాహనం నడపడానికి తగినవారని వైద్యుడు రాసి ఇచ్చిన పత్రం తీసుకొన్నారు. మీ-సేవ కేంద్రంలో దరఖాస్తు నింపించి, రుసుము కట్టి, చెప్పిన రోజున రవాణా కార్యాలయానికి వెళ్ళి కొత్త ఫోటో దిగారు. కొన్నాళ్ళకు కొత్త కార్డు వచ్చింది. ఇక మీదట తోలే ఉద్దేశం లేని బండికి ప్రభుత్వం ఆయనకు మరో ఐదేళ్ళు అనుమతి ఇచ్చింది. ఆ కార్డును చూసి బ్యాంకువారు ఆయనను ఆయనగా ఒప్పుకొన్నారు. రవాణా కార్యాలయంలో తనను తాను రుజువు చేసుకోవడానికి ఆయన ఇచ్చిన పత్రాలలో అన్నిటికన్న పైన పెట్టినది, బ్యాంకు తిప్పిపంపిన ఆ పాత లైసెన్సే.